ఏ సినిమాలోది?

తెలుగువాళ్లకు కొత్త పాట వినిపిస్తే నోటివెంట వచ్చే మొదటి ప్రశ్న ‘ఏ సినిమాలోది?’ అని. ఎవరు రాశారు, ఎవరు వరస కట్టారు, ఎవరు పాడారు అన్నవి తీరిగ్గా అడిగే సంగతులు. సినిమాలోది కాదని చెబితే ‘ఓహో, ప్రైవేట్ సాంగా’ అంటారు. ఈ ప్రైవేటు అనే మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. ప్రైవేటు బస్సు, ప్రైవేటు బడి, ప్రైవేటు ఉద్యోగం అన్నామంటే పక్కనే సర్కారుది ఒకటి ఉందని అర్థం. పాటల విషయంలో ఆ సర్కారు సినిమా. గుర్తింపు, జీతం, పింఛను అన్నీ అక్కడే. మిగిలినవాళ్లంతా ఎప్పటికైనా పర్మినెంటు కాకపోతామా అని ఎదురుచూసే కాంట్రాక్టు మనుషులు. ఇదే పాటను నగరాల్లో కుర్రకారు ‘ఇండీ’ అంటారు, ఇండిపెండెంట్‌ను కత్తిరించి. ఒకే సరుకుకు ఒకరు పెట్టిన పేరులో స్వాతంత్ర్యం ఉంది, ఇంకొకరు పెట్టిన పేరులో చిన్నచూపు ఉంది. జనం వాడే పేరే నిజానికి దగ్గరగా ఉందని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఇవాళ యూట్యూబులో వారం వారం దిగుతున్న తెలుగు సింగిల్స్‌లో చాలా భాగం సినిమాకు పెట్టుకున్న దరఖాస్తులే. గొంతులకు కొదవ లేదు, స్టూడియోలకు కొదవ లేదు, వినేవాళ్లకూ కొదవ లేదు. పాట తన కాళ్ల మీద తాను నిలబడాలన్న కోరిక మాత్రం కరువైంది. దాన్ని అలా నిలబెట్టి వినే అలవాటు మనకూ తప్పిపోయింది.

సినిమా బయటి పాట అంటే గిటారుతోపాటు నిన్నగాక మొన్న దిగుమతైన వ్యవహారం అనుకునేవాళ్లున్నారు. నిజానికి అది పాత వ్యవహారమే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం ‘మా తెలుగు తల్లికి’ సంగతే చూడండి. 1942లో వచ్చిన ‘దీనబంధు’ సినిమా కోసం శంకరంబాడి సుందరాచారి రాసిన పాట అది. సినిమాలో దానికి చోటు దక్కలేదు. టంగుటూరి సూర్యకుమారి గ్రామఫోను రికార్డుకు పాడాక ఊరూరికీ చేరింది. సినిమావాళ్లకు అక్కర్లేకపోయిన ప్రైవేటు పాటే చివరికి అసలైన సర్కారు పాట అయి కూర్చుంది. అందెశ్రీ ‘జయ జయహే తెలంగాణ’ కూడా తెర మీద పుట్టలేదు. ఉద్యమ సభల్లో ఏళ్ల తరబడి నలుగురి నోళ్లలో నలిగాకే 2024 జూన్ 2న రాష్ట్ర గీతం హోదా అందుకుంది. రెండు రాష్ట్రాలూ తమ గురించి తాము చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు సినిమా పాటల పెట్టె తెరవలేదన్నమాట. 1940లలో సాలూరు రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి ఇచ్చిన రికార్డులు, ఘంటసాల గొంతులో కరుణశ్రీ ‘పుష్పవిలాపం’, ఎం.ఎస్.రామారావు సుందరకాండ, ఇవన్నీ ఆ కోవలోవే. ఇంకా వెనక్కి వెళ్తే, తన మాట తానే అల్లుకుని, తన వరస తానే కట్టుకుని, తన గొంతుతో తానే పాడేవాడికి వాగ్గేయకారుడని పేరే పెట్టుకున్నాం. పాట చివర తన ముద్ర వేసి ఇది నాది అని చెప్పే పద్ధతి క్షేత్రయ్య నాటికే పాతబడింది. సింగర్ సాంగ్‌రైటర్ అనే మాటను ఇప్పుడు ఇంగ్లీషు నుంచి అరువు తెచ్చుకుంటున్నాం గానీ, ఆ మనిషి మనింటివాడే.

మరి ఆ వరస ఎక్కడ తెగింది? సినిమా మింగేసిందని ఒక్క మాటలో తేల్చేయడం సులువు. జరిగింది అంత సూటిగా లేదు. రాజేశ్వరరావు సినిమాలోకి పూర్తిగా వెళ్లబట్టే, దేవులపల్లి కృష్ణశాస్త్రి తొలిసారి సినిమాకు కలం పట్టబట్టే 1951లో ‘మల్లీశ్వరి’ వచ్చింది. అలాంటి మింగుడుకు ఎవరూ ఫిర్యాదు చేయరు. ఆ కాలంలో తేడా ఏమిటంటే, కళాకారుడు సినిమాకు వెళ్లినా బయటి పాటకు అన్నం పెట్టే ఇల్లు ఇంకొకటి మిగిలి ఉండేది. అది రేడియో. కేంద్ర మంత్రి బి.వి.కేస్కర్ 1952లో ఆకాశవాణిలో సినిమా పాటలకు దాదాపు తలుపులు మూసేశారు. శ్రోతలు సిలోన్ స్టేషన్ వైపు తిరిగిపోయారు, 1957లో వివిధభారతి పెట్టి సర్కారు దిగిరాక తప్పలేదు. నిషేధంగా అది చాదస్తమే. కానీ అదే రేడియోలో బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటివాళ్లు నెల నెలా కొత్త పాట కట్టి జనానికి నేర్పే పని నౌకరీగా చేశారు. లలిత సంగీతం అనే మాటకు మన ఇళ్లలో అర్థం ఏర్పడింది అలాగే. దానికి స్పాన్సరు లేడు, వ్యూస్ లెక్క లేదు, హీరో లేడు. జీతం మాత్రం ఉంది. రేడియో ప్రాభవం తగ్గాక ఆ జీతం స్థానంలో ఏదీ రాలేదు. 1995లో అలీషా చినాయ్ ‘మేడిన్ ఇండియా’, 1997లో రెహమాన్ ‘వందేమాతరం’ రేపిన ప్రైవేటు ఆల్బమ్ గాలి తెలుగులో స్మిత వంటి ఒకరిద్దరి దాకా వచ్చి, క్యాసెట్టుతోపాటే వెళ్లిపోయింది.

ఇప్పటి సంగతికి వద్దాం. ఈ పదేళ్లలో సినిమా బయట పేరు తెచ్చుకున్న తెలుగు గొంతుల్లో రామ్ మిర్యాలది ముందు చెప్పుకోవాల్సిన పేరు. చౌరస్తా బ్యాండులో ఉండగా పాడిన ‘మాయ’, ‘ఊరెళ్లిపోతా మామ’ కాలేజీ హాస్టళ్లలో పాకిపోయాయి. 2020లో కరోనా తలుపు తడుతుండగానే చేతులు కలపొద్దంటూ ఆ బ్యాండు వదిలిన పాట జనం చెవిన పడింది. ఆ తర్వాత ‘జాతిరత్నాలు’లో చిట్టి పాట, ‘డీజే టిల్లు’ టైటిల్ పాట, ‘బలగం’లో ‘ఊరు పల్లెటూరు’. ఈ చివరిదాన్ని ‘ఊరెళ్లిపోతా మామ’ పక్కన పెట్టి వింటే నా వాదన సగం చెప్పినట్టే. రెండూ ఊరి గురించే, రెండింటా వినబడేది ఆ గొంతే. ‘బలగం’ పాట చక్కని పాట. కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు తెచ్చిన సాహిత్యం అది, భీమ్స్ వరసలో మట్టి వాసన ఉంది, పక్కన మంగ్లీ గొంతుంది. కానీ ఆ పాట చేయాల్సిన పని వేరు. కథ జరగబోయే ఊరును మనకు పరిచయం చేయాలి, కెమెరా వెంట వాడవాడా తిరగాలి, కాసేపట్లో రాబోయే చావుకు నేపథ్యం సిద్ధం చేయాలి. పాడేవాడు ఎవరో మనకు తెలియక్కర్లేదు. చౌరస్తా పాటలో అయితే ఊరు కథకు వేదిక కాదు. నగరంలో విసిగిపోయి ఎర్రబస్సు ఎక్కాలనుకునే ఒక మనిషి ఉంటాడు, అంతే. వాడి వెనకాల కథ లేదు, ముందు క్లైమాక్సు లేదు. వినేవాడే ఆ ఖాళీలో కూర్చోవాలి. అమీర్‌పేట హాస్టల్లో కూర్చుని వింటే అది అమీర్‌పేట పాట, బెంగళూరులో వింటే బెంగళూరు పాట.

సినిమా పాటకూ విడి పాటకూ అసలు తేడా డబ్బు ఎవరు పెట్టారన్నదానిలో వెతకడం వల్లే మనం దారి తప్పుతున్నామనిపిస్తుంది. తేడా ఆ పాటలో ‘నేను’ ఎవరన్నదానిలో ఉంది. సినిమా పాటలో నేను అంటే పాత్ర. కవి ఆ పాత్ర లోపలికి దూరాలి, గాయకుడు తెర మీది పెదాలకు సరిపోవాలి, సన్నివేశం దాటి ఒక్క మాట ఎక్కువైనా దర్శకుడు ఒప్పుకోడు. అది లోపమేమీ కాదు, ఆ విద్య పద్ధతే అంత. విడి పాటకు ఆ కట్టుబాటు లేదు. మరి లేని సంకెళ్లను మన కుర్రాళ్లు ఎందుకు వెతుక్కుని మరీ తొడుక్కుంటున్నారు? సగటు తెలుగు సింగిల్ వీడియో ఒకటి తీసుకోండి. బస్టాపులో అమ్మాయి కనబడుతుంది, అబ్బాయి స్లోమోషన్‌లో తిరిగి చూస్తాడు, రెండో చరణానికి అపార్థం, చివర్లో పెళ్లికార్డో ఆస్పత్రి మంచమో. డ్రోను కెమెరా అరకు మీదో వికారాబాద్ అడవుల మీదో ఒక చుట్టు చుడుతుంది. మూడున్నర నిమిషాల్లో రెండున్నర గంటల సినిమా. దానికి ‘లవ్ ఫెయిల్యూర్ సాంగ్’ అని ఒక జాతి పేరు కూడా స్థిరపడిపోయింది. ఫోను బోర్లించి ఆ పాట విని చూడండి. తెర లేకపోతే మాటల్లో మిగిలేది ప్రాణం, గాయం, కన్నీరు, మనసు అనే నాలుగైదు మాటలు అటూ ఇటూ తిరగేసినవే. ఆ పాటను ఏ సినిమాలో పెట్టినా ఇమిడిపోతుంది. నా దృష్టిలో దాని లోపమూ అదే.

గిటారు పట్టుకున్న నగర కుర్రాళ్ల మీద మాత్రమే కోపం చూపిస్తున్నానని అనుకోవద్దు. ఇంతకన్నా పెద్ద అభ్యంతరం ఒకటి ఇక్కడే ఎదురవుతుంది. ‘తెలుగులో సినిమాతో పని లేకుండా కోట్లమంది వింటున్న పాటలు లేవా? తెలంగాణ ఫోక్ సాంగ్స్ మాటేమిటి?’ అని. నిజమే, పైగా ఇది నిర్లక్ష్యం చేయలేని నిజం. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో ఆడటంతో దేశమంతా మోగింది. 2025లో రాము రాథోడ్ ‘రాను బొంబాయికి రాను’ పాటకు ఆడని పెళ్లి బరాత్ లేదంటే అతిశయోక్తి కాదు. ఈ పాటలకు సొంత యూట్యూబు ఛానళ్లున్నాయి, సొంత తారలున్నారు, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు సొంత డాన్సర్లు, కెమెరావాళ్లు, ఈవెంట్లున్నాయి. ఫిల్మ్‌నగర్ దయ అక్కర్లేని చిన్న పరిశ్రమ ఇది. నగరంలో ఇండీ సంగీతం గురించి మాట్లాడుకునేవాళ్లు దీన్ని లెక్కలోకి తీసుకోకపోవడం వింత. డ్రమ్స్ స్థానంలో డప్పు ఉన్నంత మాత్రాన స్వాతంత్ర్యం తక్కువైపోతుందా? స్వతంత్ర సంగీతం అనే మాటకు అక్షరాలా తగినది తెలుగులో ఇవాళ ఇదొక్కటే అని కూడా అనొచ్చు.

అయితే ఈ వర్గానికీ ఒక జబ్బుంది. బొంబాయి పాట బాగుందంటే ఏముందందులో? వలస పోయే మొగుడు, రానంటే రానని మొండికేసే ఇల్లాలు. పాలమూరు నుంచి, కరీంనగర్ నుంచి బొంబాయికి, దుబాయికి బస్సులెక్కిన తరాల బతుకు ఆ సరసం అడుగున ఉంది. కానీ అలాంటి ఒక పాట ఆడగానే అదే వరస, అదే దరువు, అదే బావా మరదళ్ల గిల్లికజ్జాలు, ఊరి పేరొకటి మార్చి పది పాటలు దిగుతాయి. పల్లె పాటలో వరసలు తిరిగి వాడుకోవడం తప్పు కాదు, జానపదం బతికేదే అలా. కాకపోతే నాట్లు వేసేవాళ్లు పాత వరసలో తమ మాట వేసుకునేవారు. ఇప్పుడు పాత వరసలో పాత మాటే వేస్తున్నారు, డ్రెస్సులు మాత్రం కొత్తవి. రెండో చిక్కు హక్కులది. ‘లవ్‌స్టోరీ’ సినిమాలో ‘సారంగదరియా’ వచ్చినప్పుడు ఆ పాటను వెలికితెచ్చింది నేనని ఒక జానపద గాయని నిలదీస్తే, అది జనం సొత్తు, మాటలు నేను రాశానని సుద్దాల అశోక్‌తేజ జవాబిచ్చారు. ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉంది. వందేళ్ల పాటకు యజమాని ఎవరని తేల్చడం ఏ కోర్టుకైనా కష్టమే. ఎక్కడ విన్నారో, ఎవరి నోట విన్నారో వీడియో కింద ఒక లైను రాయడానికి మాత్రం కోర్టు అక్కర్లేదు. ఆ లైను చాలా వీడియోల కింద కనబడదు.

ఇక డబ్బు. ‘సినిమా అన్నం పెడుతుంది, మీ విలువలు పెట్టవు’ అనేది అన్నిటికన్నా బలమైన వాదన. దీన్ని తేలిగ్గా తీసేయలేం. హైదరాబాదు పాతబస్తీ కుర్రాడు రాహుల్ సిప్లిగంజ్‌నే చూడండి. సినిమాల్లో అప్పుడప్పుడూ పాడుతున్నా అతనికి సొంత పేరు తెచ్చినవి ‘మగజాతి’, ‘మంగమ్మ’, ‘గల్లీ కా గణేష్’ లాంటి వీడియోలు. ప్రపంచానికి తెలిసింది మాత్రం 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి ‘నాటు నాటు’ పాడాకే. ఆ మెట్టు ఎక్కొద్దని ఎవరు చెప్పగలరు? నేనూ చెప్పను. విడి పాటల లెక్క చూస్తే నీరసం వస్తుంది కూడా. స్పాటిఫై 2024 నుంచి పన్నెండు నెలల్లో వెయ్యి సార్లు వినబడని పాటకు రికార్డింగ్ రాయల్టీ అసలే ఇవ్వడం లేదు. వెయ్యి దాటినా చేతికొచ్చేది చిల్లర. కానీ లెక్కకు ఇంకో వైపు ఉంది. సినిమాకు చేసిన పాట సాధారణంగా నిర్మాతదవుతుంది, అక్కడి నుంచి ఆడియో కంపెనీదవుతుంది. 2012లో కాపీరైటు చట్టం సవరించాక కవికీ సంగీత దర్శకుడికీ థియేటర్ బయట ఆ పాట ఎక్కడ మోగినా వాటా రావాలన్న హక్కు వచ్చింది, అది రాసిచ్చినా పోని హక్కు. దానికోసం రాజ్యసభలో జావేద్ అఖ్తర్ పోరాడాల్సి వచ్చిందంటే అంతకుముందు పరిస్థితి ఏమిటో ఊహించుకోవచ్చు. సొంతంగా చేసుకున్న పాటలో మాట, వరస, రికార్డింగ్ మూడూ మీవే. మాటకూ వరసకూ హక్కు మీ తదనంతరం అరవై ఏళ్ల దాకా, రికార్డింగుకు విడుదలైన దగ్గర్నుంచి అరవై ఏళ్లు. చేను చిన్నదే కావచ్చు, పట్టా మీ పేరున ఉంది. ఇది కూడా ఏ కాగితం మీద సంతకం పెడుతున్నామో చదివినప్పుడే. తమిళంలో 2021లో వచ్చి కోట్ల వ్యూస్ తెచ్చుకున్న ‘ఎంజాయ్ ఎంజామి’ నుంచి తమకు రాబడి ఏమీ ముట్టలేదని 2024లో దాని సంగీతకారుడు సంతోష్ నారాయణన్ బాహాటంగా చెప్పారు. విడి పాట అయినంత మాత్రాన దోపిడీ ఉండదని నమ్మితే అమాయకత్వమే.

‘ఎంజాయ్ ఎంజామి’నే ఇంకో కారణానికి తలచుకోవాలి. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసిన తన అమ్మమ్మ వళ్లియమ్మ బతుకులోంచి ఆ పాట రాసిన అరివు మాటలు తీశాడు. అమ్మమ్మ బతుకును మనవడు చెబుతున్న పాట అది. దాన్ని ఏ సినిమా సన్నివేశంలో ఇరికించినా చిన్నబోతుంది. చెన్నైలో 2018 జనవరిలో తొలి కచేరీ చేసిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ కూడా అంతే. ఉత్తర చెన్నై చావు ఇళ్ల దగ్గర పాడే గానాకు ర్యాప్‌నూ రాక్‌నూ జతచేసి, కులం గురించి సూటిగా పాడింది. కేరళలో బ్యాండ్లు ఇంగ్లీషులోనే పాడుతున్న రోజుల్లో అవియల్ మలయాళంలోకి మళ్లి, 2008 ఆల్బమ్‌తో ఆ భాషకు రాక్ సంగీతం నప్పుతుందని రుజువు చేసింది. మనకు ఇలాంటి సరుకు లేదా? గద్దర్, వంగపండు చేసింది ఇంకేమిటి? గోరటి వెంకన్న ‘వల్లంకి తాళం’ పుస్తకానికి 2021 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, అందులో ఉన్నవి పాడుకోదగిన రచనలే. కేంద్ర అకాడమీ గుర్తుపట్టిన విషయాన్ని మన బ్యాండ్లు గుర్తుపట్టలేదు. ఒక పక్క గిటారు, డ్రమ్స్ తెలిసినవాళ్లకు ఆ మాట తెలియదు. ఇంకో పక్క ఆ మాట తెలిసినవాళ్లకు స్టూడియో దొరకదు. హైదరాబాదు ప్రొడ్యూసర్ కల్మి చేసిన బీటు మీద హనుమాన్‌కైండ్ పాడిన ‘బిగ్ డాగ్స్’ 2024లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 23వ స్థానం దాకా ఎక్కింది. శబ్దం కట్టడంలో మనవాళ్లు ఎవరికీ తీసిపోరని అది చెప్పింది. ఆ శబ్దం మీద తెలుగు మాట ఎప్పుడు పడుతుందన్నది ఇంకా జవాబు రాని ప్రశ్న.

సాహిత్యం సంగతి ఎత్తితే ఇంకో వాదన వస్తుంది: తెలుగులో గొప్ప పాటల కవులందరూ సినిమాలోనే ఉన్నారు కదా, వేటూరి, సిరివెన్నెలల ముందు ఈ ప్రైవేటు రాతలేపాటివి అని. ఒప్పుకుంటాను. నిజానికి ఈ ఇద్దరి వల్లే మన చెవులు ఇంత గడుసుగా తయారయ్యాయి. అయితే సిరివెన్నెల పాటల్లో ఎక్కువమంది తమ సొంతం చేసుకున్నది ఏదని అడిగితే ‘జగమంత కుటుంబం’ ముందు వరసలో వస్తుంది. 2005లో ‘చక్రం’ సినిమాలో వచ్చినా అది ఆ సినిమా కోసం పుట్టింది కాదు, కవి తన కోసం ఎప్పుడో రాసి పెట్టుకున్నది. సినిమా ఆడలేదు, పాట మిగిలింది. సన్నివేశానికి అతికించినా సన్నివేశానికి లోబడలేదు కాబట్టే మిగిలిందని నా నమ్మకం. సినిమా పాటల్లో గొప్పవి అనుకునేవాటిలో కొన్నింటి వెనక ఇలా ఒక విడి పాట దాక్కుని ఉంటుంది. కవి తన గదిలో ఒంటరిగా కూర్చుని రాసుకునే ఆ గంటలే కొత్త సింగిల్స్‌కు కరువు. చాలామంది వరస ముందు కట్టి, దాని మీద తాతాతా అంటూ మాటలు పేర్చుకుంటున్నారు. సినిమాలో వేగం కోసం పుట్టిన ఈ పద్ధతిని, తరిమేవాళ్లెవరూ లేని చోట కూడా పాటించడం దేనికి?

వేదికల పరిస్థితి కూడా దీనికి తగ్గట్టే ఉంది. తెలుగులో బ్యాండు అంటే మొదట గుర్తొచ్చేది పెళ్లి బ్యాండుమేళం, రెండోది నవరాత్రి పందిళ్లలో సినిమా పాటలు పాడే ఆర్కెస్ట్రా. ఇప్పుడు హైదరాబాదు పబ్బుల్లో, ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టుల్లో తోలు జాకెట్టు వేసుకుని ఇళయరాజా పాటలకు గిటారు సోలోలు తగిలించే కుర్రాళ్లు చేస్తున్నది ఆ ఆర్కెస్ట్రా పనే, కాకపోతే టికెట్టు ఖరీదు ఎక్కువ. కాప్రిషియో, నిరవల్ వంటి పేరున్న బృందాలు వచ్చి ఏళ్లు గడిచినా, వాటి పేరు చెబితే సొంత పాట ఒక్కటి ఠక్కున గుర్తుకొచ్చే శ్రోత ఎంత అరుదో ఆలోచించండి. తప్పు వాయించేవాళ్లదే అనలేం. తెలియని పాట మొదలుపెడితే చాలు, జనం ఫోన్లు తీస్తారు, మేనేజరు సైగ చేస్తాడు. 2010 నుంచి బంజారాహిల్స్‌లో నడుస్తున్న లామకాన్ లాంటి చోట కొత్త పాటను నిశ్శబ్దంగా కూర్చుని వినే వంద మంది దొరుకుతారు. అలాంటిది విజయవాడలో ఒకటి, వరంగల్‌లో ఒకటి, విశాఖలో ఒకటి ఉంటే కథ వేరుగా ఉండేది. అమెరికాలో తానా, ఆటా మహాసభలు జరిగినప్పుడు సినిమా సంగీత దర్శకుల రాత్రికి పెట్టే ఖర్చులో పిసరంత ఒక కొత్త వాగ్గేయకారుడికి సొంత పాట రాయమని ఇస్తే, పాత రేడియో చేసిన పనిలో కొంతైనా తిరిగొస్తుంది.

మా పత్రికలవాళ్లం కూడా తప్పించుకోలేం. సినిమా పాట లిరికల్ వీడియో విడుదలైతే వార్త, దాని పోస్టరు వస్తే వార్త, పోస్టరు ఎప్పుడొస్తుందో చెప్పినా వార్తే. విడి పాటకు వార్త అయ్యే అర్హత కోటి వ్యూస్ దాటాకే వస్తుంది, అప్పుడైనా రాసేది ఆ కోటి గురించే. మాట ఎలా ఉంది, వరసలో కొత్తదనం ఏమిటి, గొంతు ఎక్కడ తడబడింది అని రాసేవారు లేరు. పుస్తకానికి సమీక్ష ఉంది, సినిమాకు సమీక్ష ఉంది, నాటకానికి అప్పుడప్పుడైనా ఉంది. పాటకు లేదు. సమీక్ష లేని చోట వ్యూసే తీర్పు అవుతుంది, వ్యూస్ కావాలంటే సినిమాలా కనబడాలి, సినిమాలా కనబడితే సినిమా పిలుస్తుంది. ఈ గానుగ ఎద్దు తిరుగుడు ఎక్కడో ఒక చోట ఆపాలి. కలకత్తాలో 1975లో మొదలైన ‘మొహినేర్ ఘొరాగులి’ అనే బ్యాండును అప్పట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇరవై ఏళ్ల తర్వాత, 1995లో ఆ బ్యాండు పేరుతో మళ్లీ ఆల్బమ్ వచ్చాక బెంగాలీ బ్యాండ్లన్నిటికీ అదే తాతగారైంది. ఆ ఇరవై ఏళ్లూ ఆ పాటలను గుర్తుపెట్టుకుని, వాటి గురించి మాట్లాడిన కొందరుండబట్టే అది సాధ్యమైంది. మన దగ్గర రెండేళ్ల నాటి మంచి సింగిల్ పేరు చెప్పమంటే తల గోక్కోవాలి.

ఇంత చెప్పాక కూడా, జనానికి సినిమా పాట చాలు, విడి పాట అక్కర్లేదు అనేవాళ్లుంటారు. బతుకమ్మ వచ్చినప్పుడు తెలంగాణలో ఏ వాడకైనా వెళ్లి చూడమనడమే దానికి జవాబు. ఏటా సెప్టెంబరు నుంచే టీవీ ఛానళ్లు, యూట్యూబు ఛానళ్లు కొత్త బతుకమ్మ పాటలు వదులుతాయి. సినిమాలో పేరు రాకముందే మంగ్లీని ఇంటి మనిషిని చేసినవి ఇలాంటి పండుగ పాటలే. తొమ్మిది రోజులు పాత పాటల మధ్య ఆ కొత్తవి కూడా మోగుతాయి. నచ్చినవి మరుసటి ఏడు పాతవాటిలో కలిసిపోతాయి, నచ్చనివి పూలతోపాటు చెరువులోకి పోతాయి. చప్పట్లు కొడుతూ చుట్టూ తిరిగే ఆడవాళ్లలో అది ఏ సినిమాలోదని అడిగేవాళ్లు ఒక్కరూ ఉండరు.